తువ్వాలు కింద బేరం

గుడియాత్తంలో పళ్ళ డాక్టరు గది గుమ్మాన్ని వరదరాజులు రెండు చేతులతో పట్టుకున్నాడు. భార్య పంకజం లోపలికి తోస్తోంది. వెనక్కి పారిపోకుండా స్నేహితుడు పొన్నుస్వామి అడ్డం నిలబడ్డాడు.

“నొప్పి తగ్గిపోయినాది పంకజం. నిజంగా. ఇంటికి పోదాం పా.”

“పొద్దున గంజి మింగలేక ఏడ్చింది ఎవురప్పా, నేనా?”

వరదరాజులు పశువుల దళారి. నలభై ఏళ్ళుగా పొయిగై సంతలో ఎద్దుల నోళ్ళు తెరిచి, పళ్ళు చూసి వయసు చెబుతున్నాడు. తన నోరు తెరవమంటే మాత్రం ఈ గదిలోంచే రెండుసార్లు పారిపోయాడు. రెండోసారి చెప్పులు కూడా వదిలేసి.

డాక్టరు ఉమామహేశ్వరి తల బయటికి పెట్టింది. “మాత్రలతో వాపు దిగింది గదా అయ్యా. ఈ రోజే ఆ దవడపన్ను తీసేయాల. మళ్ళీ చీము పట్టి ఎముకలోకి దిగితే నా వల్ల కాదు, వేలూరు పెద్దాస్పత్రికే పోవాల. పది నిమిషాలు కూర్చోండి, పిలుస్తా.”

ముగ్గురూ బెంచీ మీద కూర్చున్నారు. నర్సు తంగమ్మ పక్కనే బల్ల దగ్గర చీటీలు రాస్తూ ఓ చెవి ఇటు వేసింది.

“ఎద్దు కూడా నీ అంత బెదరదు గదన్నా,” అన్నాడు పొన్నుస్వామి.

“సూది వేస్తారని ఎద్దుకు ముందే తెలీదురా. నాకు తెలుసు.”

“సరి. నీకేమన్నా అయితే మీ ఇంట్లో ఉండే ఆ కర్రి ఆవును నాకిచ్చేయమని అక్కకు చెప్పిపో.”

“నేను చచ్చినా నీకియ్యను. నువ్వు చెప్పే ధరకు దాని తోక కూడా రాదు.”

“అయితే తువ్వాలెయ్యి. ధర పెంచతా.”

సంతలో పశువు ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, వేళ్ళు పట్టుకుని బేరమాడతారు. ఒక వేలు పట్టుకుంటే ఒక ధర, రెండు పట్టుకుంటే దానికి పైధర. అరచేతిలో చెయ్యి వేసి నొక్కితే బేరం కుదిరినట్టు. కుదిరాక తప్పుకోవడం అనేది లేదు.

“నా ప్రాణం పోతావుంటే నీకు బేరం కావాల్సొచ్చిందా? సుమ్మా, ఊరికే ఉండు,” అన్నాడు వరదరాజులు.

“మీ ఇద్దర్నీ ఒకే గాటికి కట్టేసి రెండు మోపుల గడ్డి వేయాల,” అంది పంకజం.

పిలుపు వచ్చింది. ధైర్యానికి పొన్నుస్వామి కూడా లోపలికి వెళ్ళాడు. కుర్చీ వెనక్కి వాలింది.

“ఆహా, పళ్ళికొండ గుళ్ళో పండుకోనుండే రంగనాథస్వామి మాదిరి ఉండావన్నా. కదలబాక. నేను పక్కనే ఉండా.”

లైటు కళ్ళల్లో పడకుండా తంగమ్మ వరదరాజులుకు నల్లకళ్ళద్దాలు పెట్టింది. మెడ నుంచి మోకాళ్ళ దాకా పచ్చగుడ్డ కప్పింది. లోకం చీకటైపోయింది. గుడ్డ కింద రెండు చేతులూ కుర్చీని పట్టుకున్నాయి.

“నోరు తెరవండి అయ్యా.”

వరదరాజులు పెదాలు బిగించాడు.

“తెరిస్తేనే గదా చూసేది.”

ఇంకా బిగించాడు. కాళ్ళు మెల్లగా నేల కోసం వెతకసాగాయి.

అప్పుడు గుడ్డ కిందికి ఒక చెయ్యి వచ్చింది. వచ్చి అతని చూపుడు వేలు పట్టుకుంది. చేతికి రబ్బరు తొడుగు ఉంది. లోపలికి వచ్చిన వాళ్ళందరికీ తొడుగుతారు కాబోలు అనుకున్నాడు. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఒక్క వేలా? పూటకు చెంబులు చెంబులు పాలిచ్చే ఆవుకు ఒక్క వేలా? పొన్నుస్వామిని తిట్టడానికి నోరు తెరిచాడు.

డాక్టరమ్మ అద్దం లోపల పెట్టేసింది.

ఇక తిట్టడం కుదరలేదు. వేలు విదిలించుకున్నాడు. చెయ్యి రెండు వేళ్ళు పట్టుకుంది. చిగురు దగ్గర చురుక్కుమంది. రెండా, పోరా అని మళ్ళీ విదిలించాడు. మూడు. సగం మొహం మొద్దుబారింది. తనే అవతలి చేతి ఐదు వేళ్ళూ కలిపి పట్టుకున్నాడు. ఆ చెయ్యి టక్కున వెనక్కి పోయింది.

బేరం చెడిందనుకున్నాడు వరదరాజులు. ఎక్కువ అడిగానా? నోట్లో ఏదో కదులుతోంది, దవడను ఎవరో అటూ ఇటూ ఊపుతున్నారు. అతను మాత్రం గుడ్డ కింద ఆ చెయ్యి కోసమే తడుముతున్నాడు. చివరికి వచ్చింది. నాలుగు వేళ్ళూ, ఐదోది సగం. వరదరాజులు అరచేతిలో చెయ్యి వేసి గట్టిగా నొక్కాడు.

“అయిపోయింది,” అంది డాక్టరు.

“ఏంది అయిపోయింది?” అన్నాడు దూది కరుచుకునే.

కళ్ళద్దాలు తీసి చూపించారు. స్టీలు గిన్నెలో, చెట్టుకున్నట్టు మూడు వేళ్ళున్న పన్ను. వరదరాజులు అలవాటు కొద్దీ దాన్ని ఇటూ అటూ తిప్పి చూశాడు.

“బాగా ముదురే,” అన్నాడు.

“మిగిలిన పళ్ళన్నా కాపాడుకోండి. చిగుళ్ళలో రక్తం కారతా ఉండాది. ఇటుకపొడి వద్దు, పొగాకు వద్దు. పొద్దున ఒకసారి, పండుకునే ముందు ఒకసారి మెత్తటి బ్రష్షుతో తోమండి. ఆరు నెలలకు మళ్ళీ వచ్చి చూపించండి.”

“వస్తానమ్మా. ఈసారి చెప్పులేసుకునే పోతా.”

ఏడాది బరువు దిగిపోయినట్టు నవ్వుకుంటూ బయటికి వచ్చాడు. బెంచీ మీద పొన్నుస్వామి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పంకజం కొంగుతో విసురుతోంది.

“ఏరా, అప్పుడే ఏడుపా? నాలుగున్నర వేళ్ళకు ఒప్పుకున్నావు. ఆవును తోలుకుపో.”

“ఏం ఆవు? ఏం నాలుగున్నర?” అన్నాడు పొన్నుస్వామి నీరసంగా.

“వాడితో ఏం మాట్లాడతావప్పా,” అంది పంకజం. “డాక్టరమ్మ సూది చేతికి తీసుకుంటానే బయటికొచ్చి ఈడ పడిపోయినాడు. అప్పుటినించి విసురుతానే ఉండా.”

వరదరాజులు తన చేతిని తిప్పి చూసుకున్నాడు.

తంగమ్మ మాత్రల పొట్లం తెచ్చి ఇచ్చింది. కుడిచేతి రబ్బరు తొడుగు నెమ్మదిగా లాగి తీసింది.

“మా నాయన కూడా ఒడుగత్తూరు సంతలో దళారే అన్నా,” అంది. “ఆవును మీరే తోలుకొస్తారా, మా ఇంటాయన్ను పంపించేదా?”