చదవనిదే నొక్కను

తెర మీద నీలం బటన్ ఒకటి, ఎర్ర బటన్ ఒకటి. రెండింటి మీదా పరాయి భాషే.

గుండీల పిన్ని దేన్నీ ముట్టుకోలేదు.

బట్టల ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు చొక్కాలకు గుండీలు కుట్టింది కాబట్టి ఆ పేరు. నెల క్రితం సూపర్‌వైజరు సెలవు కాగితమని చెప్పి, ఆవిడకు రాని భాషలో ఉన్న దాని మీద సంతకం పెట్టించుకున్నాడు. తీరా చూస్తే అది రాజీనామా! ఇవాళ పదకొండుకి కార్మిక అధికారి ముందు ఆన్‌లైన్ విచారణ. పిలిచినప్పుడు పలక్కపోతే ఫిర్యాదు కొట్టేస్తారు. ఇక ఉద్యోగం మీద ఆశ వదులుకోవడమే.

లాప్‌టాప్ మేనకోడలిది. అన్నీ తన ఆఫీసు భాషలోనే ఉంచేసి డ్యూటీకి పోయింది మహాతల్లి.

ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. మైకు మూసి ఉంది. మీటింగులో పిన్ని మొహం కాక బూడిదరంగు గడి ఒక్కటే. దాని కింద పేరూ పరాయి అక్షరాల్లోనే.

తెర అంచున తెలుగు మాటలు ప్రత్యక్షమయ్యాయి.

"అమ్మా, నీలం బటన్ నొక్కండి. చాలు."

విచారణ ఆఫీసు గుమస్తా కాబోలు అనుకుంది పిన్ని. అయినా తల అడ్డంగా ఊపింది. నల్లగుడ్డ ముక్క మీద సుద్దతో రాసి కెమెరాకి చూపించింది.

"చదవనిదే నొక్కను. ఒకసారి చెయ్యి కాలింది."

తెర అంచున మళ్ళీ తెలుగు అక్షరాలు వచ్చాయి.

"మీరన్నదే సరి. భాష మారుద్దాం. కింద కుడిపక్కన మూడు చుక్కలు."

చుక్కలకి భాషేముంది? నొక్కింది.

"పళ్ళచక్రం గుర్తు."

నొక్కింది.

"భూగోళం బొమ్మ. ఇప్పుడు కిందికి. ఇంకా కిందికి. కంగారు పడకండి, టైముంది."

చాంతాడంత జాబితాలో ఎట్టకేలకు 'తెలుగు' కనబడింది. నొక్కగానే తెరంతా తెలుగైపోయింది. పిన్నికి ఏడుపొచ్చినంత పనైంది.

'ఈ మీటింగ్ రికార్డు అవుతుంది. మీకు సమ్మతమేనా?'

రెండుసార్లు చదివింది. 'సమ్మతమే' నొక్కి, మైకు తెరిచింది.

"చల్లగా ఉండు నాయనా! ఆ కంపెనీ వకీలు రానీ, ఇవాళ వాణ్ణి ఉతికి ఆరేస్తాను!"

"అలాగేనమ్మా. ముందు కాసిని మంచినీళ్ళు తాగండి" అని తెర అంచున అక్షరాలు వచ్చాయి.

పదకొండయింది. అధికారి, గుమస్తా, మేనేజరు, నల్లకోటు వకీలు తెర నిండా వచ్చేశారు. బూడిదరంగు గడి ఎటు పోయిందో మరి కనబడలేదు.

"ఈ సంతకం మీదేనా?" నల్లకోటు గొంతు కరుగ్గా ఉంది.

"నాదే."

"చదవకుండానే పెట్టారా?"

"నమ్మి పెట్టాను. చదవనిదే ఒప్పుకోకూడదన్న బుద్ధి అప్పుడే వచ్చింది. ఇవాళ తెలుగులోకి మారేదాకా ఇక్కడ 'సరే' అన్నానా? ఈ ఆఫీసు గుమస్తాగారే సాక్షి, అడగండి!"

నల్లకోటు ముందున్న ఫైలు మూసేశాడు.

"ఆవిడ చెప్పింది నిజమే. నేనిక అడిగేదేమీ లేదు."

ఆ మాటనేసి తెర మీంచి వెళ్ళిపోయాడు.

పిన్నిని పనిలోకి తీసుకోవాలని అధికారి అక్కడికక్కడే చెప్పాడు. పిన్ని రెండు చేతులూ జోడించింది.

"గుమస్తాగారూ, ఇందాక భాష మార్చిపెట్టారు, మీ మేలు మరచిపోను."

"నేనా? నేనొచ్చిందే పదకొండుకి కదమ్మా!"

గుమస్తా మెసేజీలు వెనక్కి జరిపి, కళ్ళజోడు సర్దుకుని, వాటి పక్కనున్న పేరు రెండుసార్లు చదువుకుని చెప్పాడు.

"ఇవన్నీ రాసింది మీరు ఉతికి ఆరేస్తానన్న ఆ వకీలుగారేనమ్మా."