పేతురు భార్య నోరు

"ప్రభువా, ఈ ఇంట్లో ఒకాయన ఉన్నాడు. నీకు తెలియనివాడు కాదు."

రత్నమాణిక్యం కుటుంబ ప్రార్థన ఎప్పుడూ ఇలాగే మొదలయ్యేది. చాప మీద పక్కనే కూర్చున్న నిత్యానందం కళ్లు గట్టిగా మూసుకునేవాడు. మామూలుగా తిడితే మొగుడు ఎదురు చెప్పొచ్చు. ప్రార్థనలో తిడితే చెప్పకూడదు. పైగా చివర్లో ఆమెన్ అనాలి.

"ఇంట్లో గింజ లేదు తండ్రీ. ఈయనేమో అయిదు వేలమందికి వడ్డించి వచ్చానని చంకలు గుద్దుకుంటున్నాడు. వలలు విడిచి నీ వెంట వచ్చినవాళ్లను మెచ్చుకున్నావు, బాగానే ఉంది. ఆ తడి వలలు ఎండబెట్టిందెవరో అడిగావా?"

బాగున్న మాటను రెండుసార్లు అనడం ఆవిడకు అలవాటు. "ఎండబెట్టిందెవరో అడిగావా తండ్రీ?" అని మళ్లీ అంది, తాపీగా.

"ఆమెన్," అన్నాడు నిత్యానందం. అనేసి, చెంబు పట్టుకొని పెరట్లోకి పరుగెత్తాడు. చెంబు ఉత్తదే. దడి పక్కన నిలబడి, సైకిల్ ట్యూబుల అట్టపెట్టె చింపి, దాని మీద ఆ మాటలన్నీ గబగబా రాసేసుకున్నాడు.

అతనికి గణపవరంలో సైకిల్ షాపు. బడి చిన్నప్పుడే వదిలేశాడు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టిన ఏడాది అది. చెరువుల మీదికి పనికెళ్లే సైకిళ్లు లేవు, పంక్చర్లూ లేవు. ఆ ఖాళీలో యేసు శిష్యుడైన జాలరి పేతురు మీద నవల మొదలెట్టాడు. ఏలూరు నుంచి వచ్చే ఒక క్రైస్తవ మాసపత్రిక దాన్ని సీరియల్‌గా వేస్తోంది. డిగ్రీలున్నవాడు రాస్తే రచన, గ్రీజు చేతులవాడు రాస్తే పిచ్చి. ఊళ్లోవాళ్ల లెక్క అది. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. గలిలయ సముద్రంలో గుర్రపుడెక్కా, కొరమీనూ ఉండవని ఎడిటరుగారు ఫోన్ చేసి చెప్పారు, అంతే.

తర్వాత పేతురు భార్య మాట్లాడడం మొదలెట్టింది. పత్రికకు ఉత్తరాలే ఉత్తరాలు.

ఆ మాటలు ఎక్కడివో తనకూ దేవుడికీ తప్ప మూడో మనిషికి తెలియదని నిత్యానందం ధీమా. తన రాత మాన్పించమని రత్నమాణిక్యం పేతురు కథ అడ్డం పెట్టుకొని పైవాడికి ఫిర్యాదు చేస్తోంది, తను ఆ ఫిర్యాదునే అచ్చు వేయిస్తున్నాడు. తెలిస్తే ఊరుకుంటుందా? అందుకే పత్రిక రాగానే షాపులో పాత టైర్ల దొంతరలో దాచేసేవాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు గుడి గుమ్మంలోనే పట్టుకున్నారు.

"నిత్యానందం గారూ, పేతురు భార్య అదరగొడుతోందండీ. అంత నోరు మీకెక్కడ దొరికిందండీ?"

వెనకే రత్నమాణిక్యం చెప్పులు వెతుక్కుంటోంది. నిత్యానందం ఓరకంట అటు చూశాడు.

"నాదేముందండీ. అంతా పరిశుద్ధాత్మ ప్రేరణ."

"స్తోత్రం!" అన్నారు అయ్యగారు. "మీ ఆవిడ కూడా ఈమధ్య వాక్యం తెగ చదువుతున్నారండోయ్. పేతురు ఉన్న కపెర్నహూములో ఆడవాళ్లు చేపలు ఎండబెట్టేవారా, ఉప్పులో ఊరేసేవారా అని నన్ను నిలదీశారు."

తనను తిట్టడానికి సరుకు పోగేస్తోందనుకున్నాడు నిత్యానందం.

ఆ సాయంత్రం రత్నమాణిక్యం ప్రార్థన ఇదీ: "ప్రభువా, అందరినీ చల్లగా చూడు. ఆమెన్."

మర్నాడూ అంతే. వారమంతా అంతే.

అక్కడ నవల ఆఖరి భాగం పంపాలి. పేతురు రోమాకు బయల్దేరుతున్నాడు. నా వెంట వస్తావా అని పెళ్లాన్ని అడిగాడు. ఆవిడ నోరు తెరవడం లేదు. నిత్యానందం సొంతంగా రాసి చూశాడు. "అలాగేనండీ, మీ ఇష్టం," అంది. చించేశాడు. పేతురు భార్య చచ్చినా అలా అనదు.

ఇక రెచ్చగొట్టాలనుకున్నాడు. గ్యాస్ బండ కావాలనే తేలేదు. రత్నమాణిక్యం కట్టెల పొయ్యి వెలిగించుకుంది. ఆవిడ గుడికి కట్టుకునే తెల్లచీరకు గ్రీజు చేతులు తుడిచాడు.

"పర్లేదండీ, ఉతుక్కుంటాను," అంది.

అతనికి భయమేసింది. కూతురు బ్లెస్సీని పక్కకు పిలిచాడు. "మీ అమ్మకు ఒంట్లో బాగుందా?"

"అమ్మకేం, బానే ఉంది నాన్నా. నీకే ఏదో అయ్యింది. చీరకి చేతులు తుడుచుకుంటారా ఎవరైనా?"

ఇంతలో ఎడిటరుగారి ఫోను. "రేపటికల్లా పంపకపోతే సీరియల్ మధ్యలో ఆపేస్తామండీ. పాఠకులకు ఏదో సర్దిచెప్పుకుంటాం."

నిత్యానందానికి అప్పుడు అర్థమైంది. దేవుడు ఆవిడ మొర విన్నాడు. తన కలాన్ని కట్టేశాడు. అందుకే ఆవిడకు ఇంత నెమ్మది. ఇల్లే ముఖ్యం, నవల కాదు, అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. అది అంత తేలిగ్గా ఒప్పుకోలేదు.

దీపాలు పెట్టాక చాప పరిచారు. ముందు తనే మొదలెట్టాడు.

"ప్రభువా, మా ఇంటిదాని ప్రార్థన ఆలకించావు. ఇక రాయను. పేతురు భార్యను నీ చేతికే అప్పగిస్తున్నాను. ఆమెన్."

ఎవరూ ఆమెన్ అనలేదు. బ్లెస్సీ ఒక కన్ను తెరిచి తల్లివైపు చూసింది.

రత్నమాణిక్యం గొంతు సవరించుకుంది.

"ప్రభువా, ఇన్ని నెలలు నేను పగలంతా కూర్చుకొని సాయంత్రం చెప్పిన మాటల్ని పరిశుద్ధాత్మకు అంటగట్టాడని అలిగాను గాని, ఆఖరి భాగం ఎప్పుడో సిద్ధం చేసి ఉంచాను, ఈయన్ని ఆ ఉత్త చెంబు పక్కన పెట్టి పెన్ను పట్టుకోమను తండ్రీ."