దగ్గుకు మార్కులు

ఆ దగ్గు ఎవరికీ నచ్చలేదు.

"మరీ అతిగా ఉంది సార్," అంది నందిని.

ఆదోని ఆస్పత్రి మేడ మీద, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆరోగ్య అధికారులకు శిక్షణ జరుగుతోంది. అందరి మెడలోనూ కొత్త కార్డులు. రోగి అంటే ఏమిటో వాళ్లకు కాగితాల్లో బాగా తెలుసు. పల్లెల్లో క్షయ రోగుల్ని గుర్తుపట్టడం ఈ రోజు పాఠం. నిజమైన రోగుల మీద తప్పులు చేస్తే బాగుండదని, రోగిలా నటించడానికి ఎమ్మిగనూరు నాటకాల మనిషిని మాట్లాడి పెట్టారు.

వరండాలో దగ్గుతూ కూర్చున్న కాశప్పను శిక్షకుడు ధనుంజయ చూశాడు. "వచ్చినావా? ఆడ కూర్చుంటే ఎట్లప్పా, లోపలికి రా," అని విసుక్కుని తీసుకొచ్చి కుర్చీ చూపించాడు.

మాస్కులు బల్ల మీదే ఉన్నాయి. వేషానికి మాస్కెందుకని ఎవరూ ముట్టుకోలేదు.

"దగ్గు ఎప్పటినుంచి?" కొత్త అధికారుల్లో ఒకడైన సుధాకర్ ప్రశ్నల కాగితం చూసి చదివాడు.

"ఉగాది కాడ్నుంచి సామీ. పొద్దున రగతం పడింది."

"రక్తం రెండో ప్రశ్న. అడిగినదానికే చెప్పు."

హాలంతా నవ్వింది. కాశప్ప కూడా నవ్వబోయి దగ్గాడు.

"ఇంట్లో ఎవరుంటారు?" నందిని అడిగింది.

"కొడుకు, కోడలు, మనవరాలు. బిడ్డను నా దగ్గరికి రానీరమ్మా. మందు తింటే ఎత్తుకోవచ్చునా?"

నందిని కాగితం తిరగేసింది. "ఈ డైలాగు మనం ఇచ్చిందేనా సార్?"

"కాదు, సొంత కవిత్వం," అన్నాడు ధనుంజయ. "నాటకాలోళ్లతో ఇదే తంటా. ఒక మాట చెప్పమంటే పద్యం ఎత్తుకుంటారు."

తర్వాత అందరూ తలా ఒక మాట అన్నారు. దగ్గు సహజంగా లేదన్నారు. చొక్కాకు మురికి ఎక్కువ పట్టించారన్నారు. చివరికి పాస్ మార్కులు మాత్రం వేశారు, పాపం.

"మందు ఇయ్యరా సార్?" అన్నాడు కాశప్ప.

"పాఠం అయిపాయప్పా, ఇంక చాలు. అన్నం పొట్లం తీసుకొని పో."

కాశప్ప పొట్లం వైపు చూశాడు. తీసుకోలేదు. అందరికీ దండం పెట్టి, ఆస్పరి బస్సుకని మెట్లు దిగాడు. కిందికి పోయేదాకా దగ్గు వినిపిస్తూనే ఉంది.

"ఇంకా వేషం దించలేదు చూడు," అన్నాడు సుధాకర్.

వాళ్లు పొట్లాలు విప్పుతుండగా, గడ్డానికి నెరిసిన వెంట్రుకలు అంటించుకున్న ఒకాయన రొప్పుతూ గుమ్మంలోకి వచ్చి, "ఎమ్మిగనూరు బస్సు దారిలో చెడిపోయింది సార్, దగ్గు వేషం నాదే," అన్నాడు.