కొళాయిలో కృష్ణ

2022 మార్చి ఆరు, ఆదివారం. ఆ మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ వంకాయ పులుసు, వడియాలు తిన్నారు. మరిచిపోదామన్నా వేంకటరమణకు ఆ రోజు మరపు రాదు.

అతను చెన్నై వాషర్‌మెన్‌పేట్‌లో ఒక బళ్ళో భూగోళం టీచరు. భోజనాల దగ్గర నోరు ఊరుకోలేదు. పళ్ళెం పక్కన నేల మీద తడి వేలితో గీత గీసి, తమతోనే ఉంటున్న మామ మద్దిలేటికి చూపించాడు.

"మహాబలేశ్వరంలో పుట్టి ఇట్లా వచ్చి, శ్రీశైలం డ్యామ్ దగ్గర ఆగిందా? ఆడనుంచి కాలవల్లో సోమశిల, కండలేరు, పూండి. మీ కృష్ణే మామా, ఇప్పుడు మా కొళాయిలో!"

మద్దిలేటి గ్లాసు కింద పెట్టేశాడు. ఆ డ్యామ్ వద్దని జైలుకు పోయిన మనిషి. ఊరు మునిగేనాడు నడుములోతు నీళ్ళొచ్చేదాకా గడప దిగని మనిషి.

"మా ఊరిని మింగిన నీళ్ళు నా గొంతు దిగవు. అవే పోసేటట్టయితే నేనీడ ఉండను అల్లుడా."

అల్లుడు క్యాన్ నీళ్ళు తెప్పిస్తే, "ఇవి మాత్రం యాడివో ఎవరికెరుక?" అన్నాడు.

అప్పటినుంచి వేంకటరమణ రోజూ పొద్దున్నే స్టీలు బిందెతో రెండు వీధుల అవతలికి, లూర్దుమేరి అనే ఆవిడ పెరట్లోని చేతిపంపుకు వెళ్ళేవాడు. ఆ నీళ్ళు కాస్త ఉప్పన. మద్దిలేటి మాత్రం ఇష్టంగా తాగేవాడు.

ఒకనాడు వానకు వీధులు నిండిపోయాయి. వేంకటరమణ మేడ కింది కొళాయి దగ్గరే బిందె పట్టాడు. మామ ఒక గుక్క తాగి ఆగాడు.

"బాగుండాయి," అని గ్లాసుతో బాల్కనీలో కరివేపాకు కుండీ దగ్గరికి వెళ్ళాడు.

మర్నాడూ కొళాయే. ఆ తర్వాతా అదే. బిందె నిండాక, పంపు దాకా వెళ్ళొచ్చేంత సేపు మెట్ల కింద దొంగలా నిలబడేవాడు. "నాకు సగం బిందె చాల్లే అల్లుడా, కాళ్ళు నొస్తాయి," అని మామ అన్నప్పుడల్లా తల దించుకునేవాడు.

నిన్న భార్య ఈశ్వరి అంది: "ఆదివారం నాయన పుట్టినరోజు. లూర్దుమేరిని భోజనానికి పిలవండి. ఆమె ఇచ్చే నీళ్ళే కదా తాగుతుండాడు."

"ఆమెకెందుకమ్మా శ్రమ," అన్నాడు మద్దిలేటి గబగబా.

ఈ సాయంత్రం వేంకటరమణ లూర్దుమేరి గుమ్మం ముందు నిలబడ్డాడు.

"ఏంది సారూ, దోవ గుర్తుండాదే! బిందె యాడ?"

జరిగిందంతా చెప్పాడు. "ఆదివారం ఒక్క అబద్ధం చెప్పమ్మా. రోజూ ఈడినుంచే నీళ్ళు పట్టుకుపోతున్నానని. తెలిస్తే మామ ఇల్లు విడిచి పోతాడు."

లూర్దుమేరి గొంతు తగ్గించింది.

"తాతకి నేనేం చెప్పేది సారూ, మీరు మానేసిన మర్నాటినుంచి మీరంతా పనికి పోయినాక ఆయనే ఈడికొచ్చి తాగిపోతాండాడు, అల్లుడు సిగ్గుపడతాడు చెప్పొద్దమ్మా అని ఒట్టేయించుకున్నాడు," అని ఆమె చప్పుడు కాకుండా తలుపు మూసుకుంది.