ఐదో కంచం

“ఆడీ ఆడీ ఆరితేరినవాళ్లు వద్దు సార్. కప్పులు కడిగే పెద్దమ్మను కూర్చోబెడదాం” అన్నాడు రచయిత.

వాళ్లు తయారుచేసిన వీడియో గేమ్ పెట్టె అట్ట రేపు అచ్చుకు వెళ్తుంది. దాని మీద ‘కథ’ అన్నచోట ఒక్క పేరే పడుతుంది. తనదా, పజిళ్లు అల్లే మెలికమ్మదా? ఆడినవాళ్లను ఏడిపించినవాళ్లదే కథ అని బాస్ తేల్చేశాడు.

మూడేళ్లుగా రచయితకు ఒకటే కడుపుమంట. తాను పేజీలకు పేజీలు రాస్తాడు. ఆడినవాళ్లేమో “ఆ తాళం ఎలా తట్టిందమ్మా నీకు!” అంటూ మెలికమ్మ చుట్టూ చేరతారు. పెద్దమ్మకు పజిళ్లేం తెలుసు? చిక్కుల దగ్గర బిక్కమొహం వేస్తుంది, తన మాటలకే కరుగుతుంది. అదీ అతని ఎత్తు.

“నాకెందుకయ్యా ఈ ఆటలు? పాడైపోతే నన్నంటారు” అంటూనే పెద్దమ్మ తడిచేతులు తుడుచుకుని కూర్చుంది. ఏ బొత్తాం ఎందుకో మెలికమ్మ చూపించింది.

తెరమీద ఒక వంటగది. గోడమీది ఫొటోలో ఐదుగురు. ఎవరి కంచం వాళ్లచోట పెడితే తలుపు తెరుచుకోవాలి. పసిదానికి ఎత్తు కుర్చీ, ముసలమ్మకు గోడవార... చకచకా ఐదూ పెట్టేసింది. తలుపు కదల్లేదు.

“పెద్దమ్మ ఇరుక్కుంది” అని రచయిత లోలోపల మురిసిపోయాడు.

పెద్దమ్మ గదంతా తిరిగింది. గుమ్మం దగ్గర నాలుగు జతల చెప్పులే ఉన్నాయి. ఇంటాయనవి లేవు. చాలాసేపు అక్కడే ఆగిపోయింది. తర్వాత వెనక్కి వచ్చి, ఆయన కంచం తీసి అలమరలో బోర్లించింది.

తలుపు తెరుచుకుంది. రచయిత రాసిన ఉత్తరం తెరనిండా పరుచుకుంది. దానికేసే చూస్తూ పెద్దమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

“చూశావా తల్లీ? నీ మెలికలు తలుపులు తీస్తాయేమో గానీ, మనిషిని కరిగించేది నా అక్షరమే.”

మెలికమ్మ తలొంచుకుంది.

“సరేనయ్యా, కథ నీదే” అన్నాడు బాస్. “ఏ వాక్యానికి ఏడ్చిందో కనుక్కో. పెట్టె మీద అదే వేయిద్దాం.”

రచయిత కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు.

“పెద్దమ్మా, ఇందులో నిన్ను ఏడిపించిన మాట ఏది? వేలుపెట్టి చూపించు.”

ఆమె కళ్లు తుడుచుకుంది.

“నాకు చదువు రాదు బాబూ.”