నలభై ఒకటో మనిషి

భర్త ఫెర్నాన్ పోయిన మర్నాటి నుంచి గోడ క్యాలెండరు కాగితం చింపే పని సోలాంజ్ మీద పడింది. ముప్పై ఏళ్లు అది ఆయన పనే. కాగితం చింపి, ఆ రోజు ఏ పునీతుడి పండుగో గట్టిగా చదివి, చింపినదాని వెనక సరుకుల చీటీ రాసేవాడు.

కొన్నాళ్లకు ఒక ఉదయం కాగితం కాస్త మందంగా చిరిగింది. కింద కనిపించింది: మార్చి పది, శుక్రవారం. నలభైమంది వేదసాక్షులు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో శుక్రవారం సోలాంజ్ మాంసం ముట్టదు. ఇవాళేమో బడి పిల్లలకు సెలవు, ఆమెతో సహా పంతుళ్లందరికీ మేపుల్ చెట్టు రసంతో పాకం కాచే పాకలో విందు. అక్కడ కోడిగుడ్డు అట్టులో కూడా పందిమాంసమే.

ఈ రోజుల్లో కెనడాలోని క్విబెక్‌లో చర్చికి వెళ్తామంటే వింతగా చూస్తారు. అందుకే ఆమె బడిలో ఒక శుక్రవారం అజీర్ణమనేది, ఇంకో శుక్రవారం పన్నునొప్పి అనేది.

“వేదసాక్షులు దేవుడి కోసం ప్రాణాలే ఇచ్చారు. నువ్వు ఒక్క పన్నునొప్పి వదులుకోలేవా?” అని ఫెర్నాన్ ఏడిపించేవాడు. ఆస్పత్రిలోనూ అడిగాడు. వచ్చే శుక్రవారం నిజం చెప్పేస్తానంది. ఆయన గురువారమే వెళ్లిపోయాడు.

పాకలో వ్యాయామం మాస్టారు గయెటాన్ పళ్లెం నిండా మాంసంతో వచ్చాడు. నిరుడు ఊళ్లో చర్చి అమ్మేసి జిమ్ పెడితే మొదట చేరింది అతనే.

“పట్టండి మేడం! ఇవాళేంటి, పన్నా, పొట్టా?”

అందరూ నవ్వారు.

“రెండూ కాదు.” అంది సోలాంజ్. “ఇది తపస్సుకాలం. నేను కాథలిక్‌ని. ఇవాళ మాంసం తినను.”

గయెటాన్ పళ్లెం బల్ల మీద పెట్టాడు.

“ఎప్పట్నుంచి?”

“పుట్టినప్పట్నుంచి.”

“మరి ఆ పన్ను?”

“అది బాగానే ఉంది.”

“ఇవాళే ఎందుకు చెప్పాలనిపించింది?”

“ఇవాళ నలభైమంది సైనికుల పండుగ. దేవుణ్ణి కాదనలేదని వాళ్లని గడ్డకట్టిన చెరువు మీద బట్టల్లేకుండా నిలబెట్టారు. ఒకడు తట్టుకోలేక వేడినీళ్ల గదిలోకి పరిగెత్తాడు. అది చూసి కాపలావాడు బట్టలు విప్పేసి ఆ ఖాళీలో నిలబడ్డాడు.”

గయెటాన్ కిటికీలోంచి మంచు వైపు చూశాడు. “నన్ను బట్టలు విప్పమనరు కదా?”

“అక్కర్లేదు. మీరు తినండి.”

“మీరు పస్తుంటే నాకెలా దిగుతుంది?” అతను పళ్లెం పక్కకు నెట్టాడు. “ఆ చిక్కుడుగింజలిలా తోయండి!”

“అందులోనూ పందికొవ్వే గురూ,” అన్నారెవరో.

ఇద్దరూ రొట్టె పాకంలో ముంచుకుని తిన్నారు. లేచేటప్పుడు గయెటాన్ ఆ మాంసాన్ని డబ్బాలో సర్దాడు.

“ఇది రేపటికి. రేపు నాతో కలిసి తినాలి. మాటివ్వండి.”

“మాటిస్తున్నా,” అంది సోలాంజ్ తేలిగ్గా.

ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి, “చెప్పేశాను ఫెర్నాన్,” అంది పైకే. సరుకుల చీటీ రాద్దామని పొద్దున చింపిన కాగితం తీసింది. పెన్ను ఆనగానే అది రెండుగా విడిపోయింది. పైది నిన్నటి బుధవారం. దానికి అంటుకుని ఇవాళ్టి గురువారం.

శుక్రవారం రేపు.