మూడు చప్పుళ్ళు

ఏడుంబావుకి తనూజ వెనక గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. తొమ్మిదింటికి నర్సింగ్ ఎంట్రెన్స్. సెంటర్ అర్పా నది అవతల, సర్కండాలో. ఎనిమిదిన్నరకే గేటు మూసేస్తారు. రైల్వే క్వార్టర్ ముందు ఆటో వచ్చి నిలబడింది.

తల్లి నీలవేణి తలుపు మీద అరచేత్తో కొడుతోంది. లోపల్నుంచి రొప్పుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

పోయిన నెల తనూజ బళ్ళో ఇలాగే ఊపిరాడక పరీక్ష మధ్యలో లేచి వచ్చేస్తే, కౌన్సిలర్ మేడం ఒక కాగితం ఇచ్చింది. భయం వేసినప్పుడు మనసుని ఉన్నచోటికి ఎలా తెచ్చుకోవాలో అందులో హిందీలో రాసుంది. నీలవేణి ఫ్రిజ్‌కి అంటించిన ఆ కాగితం పీకి తెచ్చి, తలుపు దగ్గర నిలబడి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.

“భుజాలు వదులు చెయ్యి. చేశావా? చేశావా అని అడుగుతున్నాను. ఇప్పుడు నెమ్మదిగా గాలి పీల్చు. తొందరగా పీల్చు, ఆటోవాడు వెళ్ళిపోతాడు.”

లోపల రొప్పు ఎక్కువైంది. భర్త పైడిరాజుకి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆయన లోకో పైలట్, తెల్లారకముందే గూడ్సు బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు అసిరమ్మ వంటింట్లోంచి వచ్చి, ఆటోవాడు వెళ్ళిపోకుండా చూసుకోమని కోడల్ని బయటికి పంపించింది. తను తలుపుకి వీపు ఆనించి నేల మీద చతికిలబడింది.

“తనూ, నాకేటోగా ఉందే. గుండె దడదడలాడతంది.”

లోపల రొప్పు ఒక్క క్షణం ఆగింది. “బీపీ గోలీ వేసుకున్నావా?”

“ఏసుకున్నాను. ఇది బీపీ కాదు.”

“అమ్మని పిలు.”

“మీ అమ్మొస్తే ఇంకా ఎక్కువైపోద్ది. నీకు బళ్ళో ఏదో నేర్పినారు కదా, అదేటో నాకు సెప్పు.”

తలుపు కింది సందులోంచి తనూజ గొంతు వచ్చింది. అవతలి పక్క ఆ పిల్ల కూడా నేల మీదే కూర్చున్నట్టుంది. ముందు కళ్ళకి కనిపించేవి అయిదు చెప్పమంది. అసిరమ్మ బిందె చెప్పింది, కేలండర్ చెప్పింది, కొడుకు పాత బూట్లు చెప్పింది, గోడ మీద బల్లిని చెప్పింది.

“నాలుగే అయ్యాయి.”

“బల్లి పక్కన ఇంకో బల్లి.”

తర్వాత చేతికి తగిలేవి అడిగింది. నేల చల్లగా ఉందనీ, చీర అంచు గరుగ్గా ఉందనీ అసిరమ్మ ఒక్కొక్కటే తడిమి చెప్పింది. మధ్యమధ్యలో తనూజ ఊపిరి పీల్చమంటోంది, వదలమంటోంది. పీల్చేటప్పుడు నాలుగు, వదిలేటప్పుడు ఆరు. లెక్క తప్పకుండా తను కూడా పీల్చి వదుల్తోంది.

“ఇప్పుడు మూడు చప్పుళ్ళు చెప్పు.”

బయట నీలవేణి ఆటోవాడితో హిందీలో వాదిస్తోంది. అసిరమ్మ చెవి పెట్టి వింది.

“ఒకటి మీ అమ్మ. రెండోది మీ అమ్మ. మూడోది గూడ్సు బండి, అది కూడా మీ అమ్మ ఊపిరి తీసుకున్నప్పుడే ఇనబడతంది.”

తలుపు అవతల కిసుక్కుమన్న చప్పుడైంది. ఆపుకోలేక తనూజ నవ్వేసింది. నవ్వుతూనే ముక్కు చీదుకుంది. మరో రెండు నిమిషాలకి గడియ తీసింది. ముఖం కడుక్కుని, హాల్ టికెట్ తీసుకుని తల్లితో కలిసి ఆటో ఎక్కింది.

ఆటో అర్పా వంతెన మీదికి వచ్చాక, నాన్నమ్మ తన కోసం ఎలా నాటకమాడిందో తల్లికి చెప్పింది. నీలవేణి ఇన్నేళ్ళకి అత్తగారి తెలివి మొదటిసారి కనిపించినట్టు తల ఆడించింది. పరీక్ష హాల్లో పేపరు చేతికి రాగానే తనూజకి మళ్ళీ అరచేతులు తడిశాయి. ఒకటి మీ అమ్మ, రెండోది మీ అమ్మ, అనుకుంది. పెదవి బిగించి నవ్వాపుకుని పెన్ను తీసింది.

ఒంటిగంట దాటాక ఇద్దరూ ఇంటికి వచ్చేసరికి తాళం వేసుంది. తాళంచెవి పక్క క్వార్టర్ కనకం ఇచ్చింది. అసిరమ్మ పదకొండున్నరకి ఎవరో ఇద్దరు ఆడవాళ్ళతో వెళ్ళిందనీ, ఎక్కడికో చెప్పలేదనీ అంది. పొద్దున గుండె దడ అన్న మాట నిజమేనేమో, ఆస్పత్రికే వెళ్ళిందేమో అనుకుంటూ నీలవేణి అటు బయల్దేరడానికి చెప్పులు వేసుకుంటోంది. అంతలో ముసలామె వీధి మలుపులోంచి నింపాదిగా నడిచి వచ్చింది.

నీలవేణి తిట్టబోయి, ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. అసిరమ్మ మంచం మీద కూర్చుని, ముందు మనవరాల్ని పేపరు ఎలా రాసిందని అడిగింది. బాగానే రాశానంటూ తనూజ వెళ్ళి ఆమె మెడ చుట్టూ చేతులు వేసింది.

“సచ్ మే, నాన్నమ్మా, పొద్దున నాటకం భలే ఆడావు. నేను నిజమే అనుకున్నాను.”

“నాటకమేటే గుంటా? నిజంగానే దడొచ్చింది. పన్నెండింటికి నాకూ పరీక్షే, పెద్దోళ్ళకి అచ్చరాలు నేర్పుతున్నారు కదా, అది రాసొస్తన్నాను. తప్పిపోతే మీ అమ్మేటంటాదో అని ఎవులికీ సెప్పలేదు.”